యుద్ధం ముగిసిందని పసిపిల్లల కేంద్రాలు మూయడం సరైనదేనా?

మొదటి అభిప్రాయం:
రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో కార్మిక తల్లుల పిల్లల కోసం పగటి సంరక్షణ కేంద్రాలు నడిపారు. తర్వాత చాలావాటిని మూసివేశారు. నా దృష్టిలో అది మంచి పనే. ఒక బిడ్డకు తట్టు వస్తే గదిలో ఉన్నవాళ్లందరికీ అంటుకునేది. రెండేళ్లలోపు బిడ్డ ఉండాల్సింది తల్లి దగ్గరే.

జవాబు:
అంటువ్యాధుల మాట నేను కాదనను అండీ. తట్టు, కోరింత దగ్గు అక్కడ పాకిన మాట నిజం. కానీ తండ్రి సైన్యంలో, తల్లి ఆయుధ కర్మాగారంలో ఉంటే ఆ బిడ్డను ఎవరు చూడాలి? పద్నాలుగేళ్లలోపు పిల్లలున్న తల్లులను ప్రభుత్వం బలవంతంగా పనిలోకి దింపలేదు. సైనికుడి భార్యకు వచ్చే భత్యంతో ఇల్లు గడవక చాలామంది తామే వెళ్లారు.

1944 నాటికి సుమారు 1,550 కేంద్రాల్లో డెబ్బై వేలకు పైగా పిల్లలు ఉండేవారు. వీటిని నడిపించింది ఆరోగ్య మంత్రిత్వ శాఖ. రుసుము రోజుకు ఒక షిల్లింగు. అక్కడి స్నానాల గదిలో ఒక చిన్న ఏర్పాటు నన్ను బాగా ఆకట్టుకుంది: ప్రతి బిడ్డకూ ఒక కొక్కెం, దానిపైన ఒక బొమ్మ. అక్షరాలు రాని మూడేళ్ల పిల్లవాడు తన బొమ్మను చూసి తన తువ్వాలే తీసుకుంటాడు. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే కళ్లకలక, గజ్జి ఎలా పాకుతాయో తెలిసినవారు చేసిన పని అది. భోజనం, కాడ్‌లివర్ నూనె, మధ్యాహ్నం నిద్ర కూడా అక్కడే.

మొదటి అభిప్రాయం చెప్పినవారు:
యుద్ధకాలంలో ప్రభుత్వం ఇచ్చిన చవక పాలు, నారింజరసం, కంఠసర్పి (డిఫ్తీరియా) టీకా ఇంట్లో ఉన్న పిల్లలకూ అందాయి కదా? ఆ ఘనత కేంద్రాలకు ఎలా ఇస్తారు?

జవాబు:
ఇవ్వను. 1940 జులై నుంచి పాల పథకం ఐదేళ్లలోపు పిల్లలందరిదీ. టీకా కూడా అంతే. అయితే పొద్దున్నే పనికి వెళ్లి చీకటిపడ్డాక వచ్చే తల్లి, నారింజరసం సీసా కోసం వరుసలో ఎప్పుడు నిలబడాలి? కేంద్రంలో అది బిడ్డ చేతికే వచ్చేది.

ఇంకొక మాట. 1945 డిసెంబరు నాటి ప్రభుత్వ ఉత్తర్వు కూడా మీరన్నట్టే రెండేళ్లలోపు బిడ్డ ఇంట్లోనే ఉండాలంది. కానీ అంతవరకూ మొత్తం ఖర్చు భరించిన ప్రభుత్వ ఖజానా 1946లో తన వాటాను తగ్గించుకుంది. మిగిలిన భారం స్థానిక సంస్థల మీద పడింది. బొమ్మ చూసి తువ్వాలు తీసుకునే ఆ మూడేళ్ల పిల్లవాడి కేంద్రం కూడా మూతపడింది. అతనికి మీ రెండేళ్ల వాదన ఎలా వర్తిస్తుందో చెప్పండి.