పెళ్లి బట్టలు పెళ్లికూతురే కుట్టుకోవచ్చా? ఇంట్లో తేలని చర్చ, మీరైనా చెప్పండి

అలల అంచు

మాఘమాసంలో నా పెళ్లి. మాది విశాఖ, పెదవాల్తేరు. నాన్నగారు పోర్టులో పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యారు. రాత్రిపూట మా మేడ మీద నిలబడితే లంగరు వేసిన ఓడల దీపాలు కనిపిస్తాయి. అవి చూస్తూ పెరిగాను కాబట్టి నా పెళ్లికి సముద్రాన్నే ఇతివృత్తంగా తీసుకున్నాను.

రిసెప్షనుకు లెహంగా: నడుము దగ్గర ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ లేతబడి అంచు దగ్గర నురుగు తెలుపు. జాకెట్టు మీద చేప పొలుసుల్లా మగ్గం పని. అబ్బాయికి అదే నీలంలో కుర్తా. సంగీత్‌లో ఆడే ఆరుగురికి వల, గవ్వలు, తెరచాప ఆధారంగా దుస్తులు. ఇవన్నీ నేనే కుట్టాలని నా పట్టుదల. పెళ్లికి ముందు ఫొటోలు అరకు రైల్లో, బొర్రా గుహల దగ్గర, ఎర్రమట్టి దిబ్బల్లో, భీమిలి తీరంలో తీయించుకోవాలని ఉంది. అరకులో మాత్రం నలుగురు స్నేహితురాళ్లకు అక్కడి గిరిజనుల థింసా నాట్యపు చీరకట్టు, పూసల దండలు నేనే తయారుచేసి పెడతాను.

అమ్మ ససేమిరా అంటోంది. "పెళ్లికూతురు నలుగు పెట్టించుకుని కూర్చోవాలి గానీ మిషను తొక్కుతుందా?" అని ఆమె బాధ. పెద్దమ్మ అయితే "డబ్బు లేక ఇంట్లో కుట్టుకున్నారని వియ్యాలవారు అనుకుంటారు" అని తేల్చేసింది. ఆరేళ్లుగా జాకెట్లు, చుడీదార్లు కుడుతున్నాను. లెహంగా మాత్రం ఇంతవరకు కుట్టలేదు. ఇంకా మూడు నెలల సమయం ఉంది. ఎవరి మాట సబబు?

గాజువాక కత్తెర

అమ్మా, ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నేను మీ అమ్మగారి పక్షం. మీకు పని రాదని కాదు, లెక్క చెబుతాను వినండి.

నడుము 30 అంగుళాలు, పొడవు 40 అనుకుందాం. పూర్తి గుండ్రంగా కోస్తే కింది చుట్టుకొలత 280 అంగుళాలు దాటుతుంది. అంటే ఏడు మీటర్లకు పైగా అంచు మడిచి కుట్టాలి. 16 కలీలుగా, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలుగా కోస్తే ఒక్కో కలీ కింద పద్దెనిమిదిన్నర అంగుళాలు, పైన మూడు, కుట్టు వదులుతో కలిపి. 44 అంగుళాల పన్నా గుడ్డ మీద ఒక కలీ నిలువుగా, ఒకటి తలకిందులుగా పేర్చితే వరసకు నాలుగు వస్తాయి. అప్పుడు నాలుగుంపావు మీటర్ల గుడ్డ చాలు. కానీ మీరు అడిగేది పైన ముదురు, కింద తెలుపు. రంగు వేసి ఉన్న గుడ్డలో కలీని తిప్పి కోయలేరు కదా! వరసకు రెండే వస్తాయి, ఎనిమిదిన్నర మీటర్లు కావాలి. లైనింగు వేరు, లోపల ఉబ్బుగా నిలబెట్టే కేన్‌కేన్ నెట్టు వేరు.

ఇది గుడ్డ లెక్క మాత్రమే. జాకెట్టు మాట ఇంకా కష్టం. ఎవరి వీపు వాళ్లు కొలుచుకోలేరు. చంక కింద పట్టిందా లేదా అన్నది ఎదుటివాళ్లు చూసి గుండుసూది పెడితేనే తెలుస్తుంది. పైగా పెళ్లికి ముందు చివరి పదిహేను రోజుల్లో పెళ్లికూతురి ఒళ్లు నిలకడగా ఉండదు. నిద్ర తగ్గుతుంది, తిండి తప్పుతుంది, కొలత మారుతుంది. ఆ వారంలో మీరు కూర్చుని కుట్లు విప్పుతుంటే చూసే తల్లికి ఎలా ఉంటుంది?

ఇంకొకటి కూడా చెప్పాలి. పెళ్లిళ్ల కాలంలో వచ్చే పనితోనే మాలాంటి వాళ్ల ఏడాది గడుస్తుంది. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

భీమిలి దొడ్డమ్మ

కత్తెర గారి లెక్కలో పొరపాటు లేదు. అయినా ఈ అమ్మాయి కుట్టాలనే నేనంటాను. మా అమ్మాయి రిసెప్షన్ లంగా నేను కుట్టాను, ఇదే రకం రంగుతో. అందులో నేను చేసిన తప్పు చెబితే ఈమెకు పనికొస్తుంది.

తిప్పి కోయలేమన్న ఇబ్బందికి దారి ఉంది. తెల్ల నూలు గుడ్డ తెచ్చి, ముందు నానబెట్టి ఆరబెట్టి, తలకిందులుగానే పేర్చి కోయండి. కలీలన్నీ జతచేశాక లంగాను నడుము వైపు నుంచి రంగులో ముంచండి. నడుము ఎక్కువసేపు, కిందికి వచ్చేకొద్దీ తక్కువసేపు, అంచు అసలు మునగకూడదు. గుడ్డ సగానికి సగం మిగులుతుంది.

నేను అలాగే చేశాను. కానీ కుట్టింది పాలియెస్టర్ దారంతో. నూలుకు పట్టే రంగు ఆ దారానికి పట్టలేదు. ఆరేసి చూస్తే నీలం లంగా మీద పదహారు కుట్లూ సున్నం గీతల్లా తెల్లగా నిలబడి ఉన్నాయి. పెళ్లి పన్నెండు రోజుల్లో పడింది. ఏడుపు వచ్చింది. పదకొండు రాత్రులు కూర్చుని ప్రతి గీత మీదా వెండిరంగు దారంతో గొలుసుకుట్టు కుట్టాను. చివరి రెండు రాత్రులు మా ఆడపడుచు ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకున్నాం. కాబట్టి నూలు దారమే వాడండి. లంగా ముంచే ముందు అదే గుడ్డ ముక్క కుట్టి, ముంచి, ఎండలో ఆరబెట్టి చూడండి. తడి మీద కనిపించే రంగు వేరు, ఆరాక మిగిలే రంగు వేరు.

వియ్యాలవారు ఏమనుకుంటారన్న భయం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తలంబ్రాల బుట్టలు, కొబ్బరి బోండాలకు రంగులు, పసుపు కుంకుమల పొట్లాలు... పెళ్లింట్లో ఆడవాళ్లు చేతులతో చేయనిది ఏముంది? లంగా దగ్గరికి వచ్చేసరికే అది లేమి ఎందుకవుతుంది?

పురోహితుల ఇంటి కోడలు

అందరూ రిసెప్షన్ గురించే మాట్లాడుతున్నారు. ముహూర్తం మాట ఎవరూ ఎత్తలేదు. మా మామగారు నలభై ఏళ్లుగా పెళ్లిళ్లు చేయిస్తున్నారు. ఆ సమయానికి వధూవరులు కట్టుకునేవి మధుపర్కాలు. తెల్లటి బట్ట, ఎర్రటి అంచు. అక్కడ నీలం వద్దు, చేప పొలుసులు వద్దు. ఈ విషయంలో మీ అమ్మగారికి భరోసా ఇవ్వండి, సగం గొడవ తగ్గుతుంది.

కానీ చేతిపని మీద అంత ప్రేమ ఉన్నవారు మధుపర్కాలను షాపులో ప్యాకెట్టు కొన్నట్టు కొనేస్తే నాకు బాధగా ఉంటుంది. విశాఖ నుంచి రైలెక్కితే పొందూరు ఎంతో దూరం కాదు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో, దాని సన్నటి పళ్ల వరసతో, కొండపత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. 100 కౌంటు వరకు సన్నని నూలు చేత్తో వడుకుతారు. మీ సముద్రం ఇతివృత్తానికి ఇంతకంటే దగ్గరి బట్ట ఏముంటుంది? చేప దువ్విన పత్తి అది.

ఇంకొక ఆలోచన. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఇద్దరి మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. దాని మీద ఏం కుట్టాలన్నది మీ ఇష్టం, స్వస్తిక్ గుర్తు పక్కన అలలు ఉంటే ఎవరూ కాదనరు. అది మీకు కొలత అక్కర్లేని బట్ట. సన్నబడినా లావైనా మారదు. మూడు నెలలు నెమ్మదిగా కుట్టుకోవచ్చు. ఆ తెర తొలగే క్షణం కోసం మండపంలో అందరూ చూస్తుంటారు. లెహంగాను ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

పాడేరు నుంచి

థింసా దుస్తుల గురించి అడిగి వెళ్లిపోయారు. దాని మీద ఎవరూ నోరు విప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను గిరిజన కుటుంబంలో పుట్టినదాన్ని.

మా ఊళ్లో పండగకు, పెళ్లికి థింసా ఆడతాం. డప్పు, తుడుము, మోరి మోగుతుంటే ఒకరి వీపు వెనక ఒకరం చేతులు కలుపుకుని వరసగా అడుగు వేస్తాం. భుజం మీద ముడి వేసి కట్టే ఆ చీర మా అమ్మ రోజూ కట్టుకునే చీర. మీ సంగీత్‌లో ఒకరు గవ్వ, ఒకరు తెరచాప, ఫొటోల్లో నలుగురు థింసా ఆడవాళ్లు. ఈ వరసలో మేమూ ఒక వేషమే అయిపోయాం. మీకు చెడు ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. మా అమ్మ ఆ చీరతో పట్నం బస్సెక్కినప్పుడు పక్కసీటు వాళ్లు జరిగి కూర్చోవడం నేను చూశాను. అదే చీర మీ పెళ్లి ఆల్బంలో అందంగా కనబడితే నేను సంతోషించలేను.

కెమెరా సంచి

పాడేరు సోదరి బాధ అర్థమైంది. అయితే నేను పెళ్లి ఫొటోలు తీస్తాను కాబట్టి ఒక మాట అడగాలి. అరకులో పర్యాటకులకు ఆ చీర కట్టి, దండలు వేసి ఫొటోలు తీయించే గిరిజన మహిళలు ఉన్నారు. ఆ డబ్బు వాళ్లకే వస్తుంది. దాన్ని కూడా తప్పంటారా?

మిగతా ఫొటోల సంగతి. ఏడు మీటర్ల అంచు లెహంగాతో రైలు నడవాలో మనిషి నడవలేరు. అరకు వెళ్లే కిరండూల్ రైలు మార్గంలో సొరంగం నుంచి బయటికి రాగానే ఒక్కసారిగా వెలుగు ముఖం మీద పడుతుంది, ఆ ఫొటోకు మామూలు నూలు చీర చాలు. ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం తెల్ల అంచు తీసుకెళ్లకండి. ఆ ఎర్ర ఇసుక నూలులోకి దిగితే ఉతికినా పూర్తిగా పోదు. పైగా అది రక్షిత భూవారసత్వ ప్రదేశం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. గట్ల మీదికి ఎక్కి ఫొటోలు దిగేవాళ్ల వల్ల ఆ మట్టి రాలిపోతోంది. నేను అక్కడికి పెళ్లి జంటలను తీసుకెళ్లడం మానేశాను. సముద్రమే కావాలంటే బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఉంది. 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, మరుసటి ఏడాది నుంచి ప్రదర్శనశాలగా నిలిచింది. పోర్టు ఉద్యోగి కూతురికి దానికంటే మంచి నేపథ్యం దొరకదు.

పాడేరు నుంచి

కట్టించే ఆమె తన చీరను తన చేత్తో కట్టి, తన ధర తాను చెబుతుంది. ఇష్టం లేకపోతే కట్టదు. అందులో నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ చీర నకలు తయారవుతోంది, మేము లేకుండానే.

గాజువాక కత్తెర

దొడ్డమ్మ గారు దారం గురించి చెప్పింది నిజం, నేను మరిచాను. కలీలు తిప్పి కోసి తర్వాత రంగు ముంచే పద్ధతి నేనెప్పుడూ చేయలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ పదకొండు రాత్రులు అన్నారే, నా అభ్యంతరం సరిగ్గా ఆ పదకొండు రాత్రుల మీదే. ఆవిడ పెళ్లికూతురి తల్లి, మేలుకోగలిగారు. ఇక్కడ పెళ్లికూతురే మేలుకోవాలి.

అమ్మా, మీరు లెహంగా కుట్టండి, జాకెట్టు నాలాంటి ఎవరితోనైనా కుట్టించుకోండి. మగ్గం పనిలో వెండి జరీ వాడితే సముద్రపు గాలికి నల్లబడుతుంది. మస్లిన్ గుడ్డలో చుట్టి పెట్టుకోండి, సెంటు దాని మీద చల్లకండి. సంగీత్ దుస్తులు ఆరు జతలన్నారు, వాటిని సగానికి తగ్గించండి.

అలల అంచు

అందరికీ నమస్కారాలు. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

పాడేరు అక్కా, ఆ నాలుగు చీరల ఆలోచన మానుకున్నాను. పూసలు కూడా కొని పెట్టుకున్నాను, సిగ్గుగా ఉంది. అరకు వెళ్తే మామూలు బట్టల్లోనే వెళ్తాం. ఎర్రమట్టి దిబ్బలు కూడా వద్దనుకున్నాం.

అడ్డుతెర మాట అమ్మకు చెప్పాను. వెంటనే ఏమీ అనలేదు. సాయంత్రం పాత ట్రంకుపెట్టె తీసి తన పెళ్లి నాటి తెర చూపించింది. అమ్మమ్మ కుట్టినదట, అంచున రెండు చిలకలు, ఒక చిలక ముక్కు దారం ఊడిపోయి ఉంది. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా చూపించలేదు. కొత్త తెర కుడతాను గానీ ఆ చిలకలను కత్తిరించి దాని మీద అతకనా, లేక పాత తెరను అలాగే ఉంచి చిలకల నమూనా మాత్రం తీసుకోనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ కత్తెర పెట్టవద్దంటోంది.

జాకెట్టు బయట కుట్టించడానికి ఒప్పుకున్నాను. లెహంగా మీద అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కత్తెర గారూ, మీ షాపు గాజువాకలో ఎక్కడో చెప్పగలరా? ఆదివారం నాన్నగారితో పొందూరు వెళ్తున్నాం, వస్తూ మీ దగ్గరికి వస్తాను. దొడ్డమ్మ గారూ, ముంచే తొట్టి ఎంత పెద్దది వాడారు? మా ఇంట్లో నీళ్ల డ్రమ్ము ఒకటి ఉంది, నడుము పట్టీ అందులో సరిగా పరుచుకుంటుందా?

భీమిలి దొడ్డమ్మ

డ్రమ్ము వద్దమ్మా, లోతు ఎక్కువ, వెడల్పు తక్కువ, ముడతల్లో రంగు మచ్చలుగా పడుతుంది. పసిపిల్లలకు స్నానం చేయించే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఎవరింట్లోనైనా అడగండి. ఇద్దరు పట్టుకోవాలి. మీ అమ్మగారిని ఒక వైపు పట్టుకోమని పిలవండి. చిలకలను మాత్రం కత్తిరించకండి.