టీ కణాలు అడ్డు లేకుండా దిగిపోతున్నాయి, మోడల్ మార్చాలా?

అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో (రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాముల మీద దాడి చేసే జబ్బు) టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) రక్తం నుంచి మెదడులోకి ఎలా దూరతాయో చూడాలని, 3 మైక్రాన్ల రంధ్రాలున్న ట్రాన్స్‌వెల్ ఇన్సర్ట్‌లలో (అడుగున ఫిల్టర్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు) హెచ్‌సీఎంఈసీ/డీ3 కణాలు (మనిషి మెదడు రక్తనాళాల లోపలి పొర, అంటే ఎండోథీలియల్, కణాలు) పెంచుతున్నాను. (0.4 మైక్రాన్ల దాంట్లోంచి టీ కణం పట్టదు కదా.)

వాపు సంకేతాలిచ్చే ప్రోటీన్లు టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్ గామా రాత్రంతా పెట్టినా పెట్టకపోయినా, కిందికి దిగే టీ కణాల లెక్క దాదాపు ఒకటే. నాటాలిజుమాబ్ (ఈ జబ్బుకి వాడే యాంటీబాడీ మందు) కలిపితే తగ్గాలి. అది టీ కణాల మీది ఆల్ఫా-4 ఇంటెగ్రిన్‌ని పట్టుకుని, ఎండోథీలియల్ కణాల మీది వీకామ్-1కి అతుక్కోనివ్వదు. అదీ తగ్గలేదు. టీఈఈఆర్ (పొర ఎంత బిగుతుగా ఉందో చెప్పే విద్యుత్ నిరోధం) 30 ఓమ్ చ.సెం.మీ. దగ్గరే ఆగింది, ఈ కణాలకి అది మామూలేననుకోండి. నిన్న ఫిల్టర్ కోసి జెడ్ఓ-1 (కణాల మధ్య అతుకుల్లోని ప్రోటీన్) స్టెయిన్ చేస్తే, ప్లాస్టిక్ గోడకి ఆనుకున్న చోట నెలవంకలా ఖాళీ కనిపించింది! నా టీ కణాలు గోడ దూకట్లేదు, తెరిచిన తలుపులోంచి నడిచిపోతున్నాయి. పైగా కొన్ని ఎండోథీలియల్ కణాలు రంధ్రాల్లోంచి పాకి అడుగున కూడా పొర కట్టాయి.

మా గైడ్ గారు ఐపీఎస్ కణాల (ఏ రకంగానైనా మార్చగల మూలకణాలు) నుంచి చేసిన ఎండోథీలియల్ కణాలకి మారమంటున్నారు. టీఈఈఆర్ వెయ్యి దాటుతుంది, నిజమే. కానీ 2012 నాటి పద్ధతితో వచ్చే కణాల్లో వీకామ్-1 సరిగా రాదు, ఎపిథీలియల్ పోలికలూ ఎక్కువ. అలాంటప్పుడు నా ప్రశ్నకి అవెందుకు?

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ వాళ్ళ ఈఈసీఎం పద్ధతి (ఐపీఎస్ కణాల నుంచే, వీకామ్-1 వచ్చేలా ఎండోథీలియల్ కణాలు చేసేది) ఎవరైనా చేశారా? కుదరడానికి ఎన్నాళ్ళు పట్టింది? లేదా ఫిల్టర్ వదిలేసి, ఫ్లో ఛాంబర్‌లో (కణాల మీద రక్తంలా ద్రవం పారే చిన్న గది) వీడియో తీయడం మేలా? అంచు ఖాళీ పోవడానికి కొల్లాజెన్ పూతలో ఏం మార్చాలో చెప్పినా చాలు.