మార్చిలో వచ్చిన పెళ్లి అడ్వాన్స్ ఏ సంవత్సరం ఆదాయం కింద రాయాలి?

అందరికీ నమస్కారం. మా ఆయన, నేను గుంటూరులో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో నడుపుతున్నాం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. లెక్కలు నేనే రాస్తాను.

వైశాఖం ముహూర్తాలకి మార్చిలోనే బుకింగ్‌లు మొదలవుతాయి. ఒక ఆర్డరు చెప్తాను. మొత్తం 1,20,000. మార్చిలో 40,000 ఫోన్‌పే చేశారు. మే నెలలో పెళ్లి రోజున 50,000 ఇస్తారు, ఆల్బమ్ చేతికి అందాక మిగతా 30,000. వాళ్లు ఫొటోలు ఎంచుకుని పంపేసరికి ఆగస్టు దాటుతుంది, ఎవరినీ తొందరపెట్టలేం.

ఇప్పుడు మార్చి 31 నాటికి ఆ 40,000 మా సంపాదనేనా? ఇంకా కెమెరా బయటికే తీయలేదు. పెళ్లి వాయిదా పడితే తిరిగి ఇస్తామని రసీదు మీద రాసిచ్చాం కూడా. సేవలకి అడ్వాన్స్ అందినప్పుడే జీఎస్టీ లెక్కలోకి వస్తుందని తెలుసు, కడుతున్నాం. నా సందేహమంతా ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి. మాది మర్కంటైల్ పద్ధతి, అంటే డబ్బు ఎప్పుడు చేతికి వచ్చిందని కాకుండా ఆదాయం ఎప్పుడు సంపాదించామో, ఖర్చు ఎప్పుడు అయిందో చూసి రాసే లెక్క. ఒక అకౌంటెంట్ గారు బ్యాంకులో పడిందంతా ఆదాయమే అన్నారు. ఇంకొకరు పని చేసేదాకా కస్టమర్ అడ్వాన్స్ అని అప్పుల వైపు చూపించమన్నారు. నాకు రెండోదే న్యాయంగా అనిపిస్తోంది.

ఇంకొకటి, షూటింగ్ అయిపోయి ఆల్బమ్ మిగిలిపోతే 90,000 ఆదాయంగా రాయొచ్చా, లేక ఆల్బమ్ ఇచ్చాకే మొత్తం 1,20,000 ఒకేసారి రాయాలా? మార్చిలో కొన్న ఆల్బమ్ పేపర్ ఖర్చు ఏ సంవత్సరంలోకి వెళ్తుంది? ఈ రకం వ్యాపారం లెక్కలు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఎంట్రీలతో సహా చెప్పండి.