ధ్యానంలో శ్వాసను గమనిస్తే ఊపిరి బిగుసుకుపోతోంది

కాజీపేటలో ఇంట్లోనే ఆరు వారాలుగా ఆనాపానసతి (వచ్చే పోయే ఊపిరిని గమనించే ధ్యానం) చేస్తున్న. పొద్దున 5:15కు, ఖాళీ కడుపుతో, 20 నిమిషాలు. మడిచిన చద్దరు మీద సుఖాసనం. మోకాళ్లు నడుము కన్నా కిందనే ఉంటున్నయి, తిమ్మిరి లేదు. ఇబ్బందంతా ఊపిరితోనే.

మొదటి 5 నిమిషాలు బాగుంటది. తర్వాత గాలి దానంతట అది ఆడడం పోయి, నేనే లాగుతున్నట్టు అయితది. 7, 8 నిమిషాలకు పక్కటెముకల కింద పట్టేస్తది, పెద్ద నిట్టూర్పు విడిస్తే గానీ వదలదు. లేస్తే నిమిషంలో మామూలే. నడిచినా, మెట్లెక్కినా ఎన్నడూ రాదు.

1 నుంచి 10 లెక్కపెడితే అంకె కోసం ఊపిరిని సాగదీస్తున్న. వదిలే గాలినే లెక్కపెడితే కొంచెం నయం, అంతే. దృష్టిని ముక్కు కొస నుంచి పొట్ట మీదికి తెస్తే పొట్టను కావాలని ఉబ్బిస్తున్న. ధ్యానానికి ముందు చేసే అనులోమ విలోమం (ముక్కు రంధ్రాలు మార్చి మార్చి గాలి పీల్చి వదిలే ప్రాణాయామం) వారం ఆపి చూసిన, తేడా లేదు. పడుకుని చేస్తే బిగుతు రాదు గానీ నిద్ర పట్టేస్తది. రైలు కూతలు, ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్న రెండు రోజులు మాత్రం ఊపిరి హాయిగా ఆడింది.

ఇది దాటినవాళ్లు చెప్పండి: కొన్నాళ్లు శ్వాసను వదిలి శబ్దం మీదే కూర్చోవాల్నా, లేక ఆ బిగుతును కూడా గమనిస్తూ శ్వాస మీదే ఉండాల్నా?