చెన్నైలో సబ్ మీటర్ ఇళ్లవాళ్లు: మీ ఓనర్ యూనిట్‌కి ఎంత తీసుకుంటున్నాడు?

రేకులపోర్షన్:
మాది వ్యాసర్పాడి, మేడ మీద రేకుల పోర్షన్. మొన్న ఒక రీసెర్చ్ అమ్మాయి ఫారం పట్టుకుని వచ్చింది. ఇంట్లో కరెంటు ఉందా, ఉంది, గ్యాస్ ఉందా, ఉంది, టిక్కులు పెట్టేసి లేవబోయింది. ఆగమ్మా, అసలు సంగతి అడగనే లేదు అని మెట్ల కింద సబ్ మీటర్, అంటే మా పోర్షన్ వాడకం లెక్కకి ఓనర్ పెట్టిన చిన్న మీటర్ చూపించాను. మా ఓనర్ యూనిట్‌కి 9 రూపాయలు తీసుకుంటాడు. 2016 నుంచి ఇళ్లకి రెండు నెలలకోసారి 100 యూనిట్లు ఫ్రీ కదా, మా నాలుగు పోర్షన్లకీ కలిపి ఒకటే మెయిన్ మీటర్, అదీ ఆయన పేరు మీద. ఆ ఫ్రీ మా దాకా రాదు. మీ సంగతేంటి?

కొరుక్కుపేటక్క:
మాకు 10. ఇదేంటని అడిగితే మోటరు కరెంటు ఎవరిస్తారంటాడు. నాలుగిళ్ల వాడకం ఒకే మీటర్ మీద పడి ఎక్కువ రేటు స్లాబులోకి పోతుంది, మేమేదో ఏసీ పెట్టుకున్నట్టు. మే నెలలో మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి అందరం మెట్ల మీద కూర్చుంటాం. ఫ్యాన్ వేసినా రేకుల వేడే కిందికి తోస్తుంది లెండి.

లెక్కలమావయ్య:
మామూలు ఫ్యాన్ 75 వాట్లు. రోజుకి 20 గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్, రెండు నెలలకి 90. అంటే 9 రూపాయల చొప్పున ఒక్క ఫ్యాన్‌కే 810. కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లే, 36 యూనిట్లు, 324తో పోతుంది. మూడు వేలు పెట్టి కొన్నా దాదాపు ఏడాదిలో వచ్చేస్తుంది.

రేకులపోర్షన్:
మావయ్యా, ఆ మూడు వేలు ఒకేసారి చేతిలో ఉంటేగా!

పరిశోధకుడు:
నేనూ ఇదే చదువుతున్నా. బ్రిటన్‌లో 1991లో బ్రెండా బోర్డ్‌మన్ అనే ఆవిడ ఒక కొలత చెప్పింది, ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోవడానికీ మిగతా కరెంటుకీ కలిపి ఆదాయంలో 10 శాతం దాటి ఖర్చు పెట్టాల్సి వస్తే అది ఇంధన పేదరికం అని. అది చలి దేశం లెక్క. ఎంత కావాలి అన్నది వదిలేసి ఎంత కట్టారని బిల్లు చూస్తే ఇక్కడ బోల్తా పడతాం. ఫ్యాన్ ఆపుకుని మెట్ల మీద కూర్చున్న అక్క ఆ లెక్కలో హాయిగా ఉన్నట్టే.

ఏడోఅంతస్తు:
మేముండేది పెరుంబాక్కం. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి కరెంటు పోయింది. నీళ్లలో షాక్ కొడుతుందని లైన్ ఆపుతారు, అది సబబే. కానీ మాకు కరెంటు పోతే లిఫ్ట్ పోతుంది, మోటరు పోతుంది, కుళాయి పోతుంది. బిందె నడుముకెత్తుకుని ఏడంతస్తులు ఎక్కాను, నాలుగో అంతస్తులో దింపి ఏడ్చాను కూడా. అమ్మ ఇన్సులిన్‌ని కవర్లో కట్టి చిన్న ముంతలో పెట్టి, దాన్ని కుండ నీళ్లలో దించి, కుండకి తడిగుడ్డ చుట్టాం. ఇవన్నీ ఏ ఫారంలో అడుగుతారో.

కోరమంగళ:
బెంగళూరులో 2023 ఆగస్టు నుంచి గృహజ్యోతి ఉంది, నెలకి 200 యూనిట్ల లోపు ఫ్రీ కరెంటు, అద్దెవాళ్లకీ ఇస్తారు. కాకపోతే 2022-23 సగటు మీద కొద్దిగా మాత్రమే ఎక్కువ వాడుకోవచ్చు. ఇక్కడా వేరే మీటర్ లేనివాడి సంగతి అంతే.

రేకులపోర్షన్:
వేరే మీటర్ పెట్టించండి అంటే ఖర్చంతా నువ్వే పెట్టుకో అన్నాడు, సంతకం మాత్రం వచ్చే నెల చూద్దాం అంటున్నాడు. సరే, ఆ అమ్మాయి ఆదివారం మళ్లీ వస్తోంది. సబ్ మీటర్ రీడింగ్ ఫోటోలు ఉన్నవాళ్లు ఇక్కడ పెట్టండి, చూపిస్తాను. రీడింగ్ చీటీ మీద ఓనర్ పేరుంటే వేలు అడ్డం పెట్టి తీయండి.