ఓపెన్ సోర్స్ గుర్తింపు వ్యవస్థకు పేటెంటు గండం ఉందా?

గుణుపురం గుమాస్తా:
మా జీడిపిక్కల సంఘంలో ఒడిశా, ఆంధ్ర రెండు వైపుల ఊళ్ళ సభ్యులూ ఉన్నారు. వారికి వేలిముద్రతో గుర్తింపు కార్డులు ఇవ్వడానికి, బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలైన మోసిప్ అనే ఓపెన్ సోర్స్ (కోడును ఎవరైనా చూసి వాడుకోగల) గుర్తింపు వేదిక పద్ధతిని అనుసరించాలనుకున్నాము. ఇంతలో ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, ఉచిత కోడు వాడితే పేటెంటు నోటీసులు వస్తాయని, తమ సరుకు కొంటే ఆ బెడద ఉండదని చెప్పి వెళ్ళాడు. ఇందులో నిజమెంత?

రాయగడ ప్లీడరు:
అది వట్టి బెదిరింపు. పేటెంట్ల చట్టం 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము ‘పర్ సే’, అంటే కేవలం ప్రోగ్రాముగా, పేటెంటుకు అర్హం కాదు. 2004 చివర ఆర్డినెన్సుతో ఆ తలుపు కొంత తెరవబోతే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. పేటెంటే లేని చోట ఉల్లంఘన ఎక్కడిది?

పర్లాకిమిడి ప్రోగ్రామరు:
తిరకాసంతా ఆ ‘పర్ సే’లోనే ఉంది. ప్రోగ్రాముపై ఆధారపడినదైనా సాంకేతిక ప్రభావం చూపే ఆవిష్కరణకు ఆ నిషేధం అడ్డు కాదని ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో చెప్పింది. ఇక మోసిప్ కోడు మొజిల్లా లైసెన్సు 2.0 అనే వాడుక షరతుల కింద ఉంది కనుక, కోడు రాసి ఇచ్చినవారు ఆ భాగం మేరకు తమ పేటెంట్ల వాడుక హక్కు కూడా ఇచ్చినట్టే. ఒక్క అక్షరం కూడా రాయని బయటి పేటెంటుదారు మాత్రం ఈ లైసెన్సుకు కట్టుబడడు. పైగా వేలిముద్రలను పోల్చే ఇంజను మోసిప్‌లో ఉండదు. దాన్ని బయటి నుంచి తెచ్చి తగిలించుకోవాలి.

బరంపురం బాటసారి:
అంటే బండి ఉచితం, ఎద్దులు మాత్రం కొనుక్కోవాలన్నమాట.

రాయగడ ప్లీడరు:
ఆ తీర్పులో కోర్టు పేటెంటు ఇవ్వలేదు, దరఖాస్తును మళ్ళీ పరిశీలించమని మాత్రమే పంపింది. దాన్ని పట్టుకుని సంఘాన్ని జడిపించడం ఆ కంపెనీ పని మీరు చేసిపెట్టడమే.

పర్లాకిమిడి ప్రోగ్రామరు:
నోటీసు వస్తే నిద్ర పట్టనిది గుమాస్తాగారికి, మీకు కాదు. కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ వలయంతో మనిషిని గుర్తించే పద్ధతిపై శాస్త్రవేత్త డాగ్‌మన్‌కు అమెరికాలో 1994లో వచ్చిన పేటెంటు 2011 దాకా బతికే ఉంది. దాన్నీ వట్టి బెదిరింపే అంటారా?

గుణుపురం గుమాస్తా:
మీరిద్దరూ కాస్త ఆగండి. మా అమ్మ ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టింది. పెంకులోంచి చిందే రసానికి వేళ్ళ కొసలు కాలి, నల్లబడి, గీతలు చెరిగిపోయాయి. బియ్యం ఇచ్చే చోట బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, కొంగుకు తుడుచుకుని మళ్ళీ బొటనవేలే పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఎందుకు కాదందని అడిగితే, లోపల ఏముందో తమకూ తెలియదన్నారు. నాకు కావలసింది దావా రాదన్న భరోసా కాదు, కాదన్నప్పుడు దాన్ని విప్పి చూసే వీలు.

పర్లాకిమిడి ప్రోగ్రామరు:
ఈ మాట మొదటే చెప్పవలసింది. పేటెంటు పత్రం ఎవరైనా చదువుకోవచ్చు, దానికి ఇరవై ఏళ్ళ గడువూ ఉంది. మూసి ఉంచిన ఇంజను వ్యాపార రహస్యం, దానికి గడువే లేదు. మీ సభ్యుల వేళ్ళన్నీ అలాంటివే అయితే వేలిముద్ర మానేసి, ఫొటోతో పాటు డిజిటల్ సంతకం చేసిన క్యూఆర్ కోడు ఉన్న కార్డులు ఇవ్వండి. అటువంటి సంతకానికి పనికివచ్చే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి పేటెంటు 2000లోనే ముగిసింది.

గుణుపురం గుమాస్తా:
అలా చేస్తే ఒకరి కార్డు మీద మరొకరు పిక్కలు తూయిస్తారని మా కార్యదర్శి ఒప్పుకోవడం లేదు. ఆయనకు సభ్యుల మీద నమ్మకం లేదు. కంపెనీ మాట ఆయన చెవికెక్కింది అందుకే.

రాయగడ ప్లీడరు:
అది మీ సంఘం తేల్చుకోవలసిన సంగతి. ‘పర్ సే’ గురించి నేను అడిగిన దానికి మాత్రం ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.