డయాగ్నసిస్ లేనివాళ్లు లెక్కలోకి రావాలా, వద్దా?

ప్రశ్నార్థకం:
ఆటిజం, ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉన్న యువతలో డిప్రెషన్, యాంగ్జైటీ ఎవరికి ఎక్కువ, ఎవరికి వైద్యం అందట్లేదు అని పరిశోధన చేసేటప్పుడు డయాగ్నసిస్ అయినవాళ్లనే తీసుకోవాలా? "నాకూ ఆటిజం ఉందనిపిస్తోంది" అనేవాళ్లనీ చేర్చాలా? నేనైతే చేర్చాలంటాను. ఆటిజంపై 2017లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే లెక్క) చూడండి. అప్పటికే డయాగ్నసిస్ అయినవాళ్లను లెక్కపెడితే ఒక అమ్మాయికి నలుగురికి పైగా అబ్బాయిలు తేలారు. జనంలోకి వెళ్లి వెతికి పరీక్షిస్తే ముగ్గురే. మరి ఆ తప్పిపోయిన అమ్మాయిల గోడు ఏ పట్టికలో ఉంటుంది?

లెక్కలమనిషి:
ఒప్పుకోనండీ. యాంగ్జైటీ బాగా ఉన్నవాళ్లకూ నలుగురిలోకి వెళ్లాలంటే టెన్షనే. వాళ్లు దాన్నే ఆటిజం అనుకుని చేరితే, "ఆటిజంలో యాంగ్జైటీ ఎక్కువ" అనే ఫలితం సర్వే మొదలుకాకముందే వచ్చేసినట్టు.

ప్రశ్నార్థకం:
కలిపేయమనలేదు. రెండు గుంపులనూ విడివిడిగా చూపించమంటున్నా.

కుదురులేదు:
ఎవరిని కొలవాలో సరే, దేంతో కొలుస్తున్నారు? డిప్రెషన్‌కి ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం. గత రెండు వారాల్లో చదివేటప్పుడో టీవీ చూసేటప్పుడో మనసు నిలవట్లేదా అంటుంది ఏడో ప్రశ్న. నాకు ఏడీహెచ్‌డీ, చిన్నప్పటి నుంచీ నిలవదు! ఎనిమిదోది, మామూలు కంటే ఎక్కువగా అటూ ఇటూ తిరుగుతున్నారా అని. నా మామూలే అదైతే ఏ గడిలో టిక్ పెట్టాలి? ఒక్కో ప్రశ్నకి మూడు మార్కుల దాకా ఉంటాయి కాబట్టి దిగులే లేకుండా ఆరు పడొచ్చు. దీనికి తలకిందులు కూడా ఉంది. తన మనసులో ఏముందో తనకే అంతుపట్టని వాళ్లు ఆటిజంలో చాలామంది. "దిగులుగా ఉందా" అంటే సున్నా పెట్టేస్తారు, అప్పటికి తిండీ నిద్రా మానేసి ఉన్నా సరే.

లెక్కలమనిషి:
ఇది అసలైన పాయింట్. అయితే డయాగ్నసిస్ ఉన్నవాళ్లకూ ఇదే తిప్పలు కాబట్టి నా మాట నాదే.

తమ్ముడికి అక్క:
మా తమ్ముడికి ఆటిజంతో పాటు మేధో వైకల్యం ఉంది, మాటలు లేవు. డయాగ్నసిస్ మూడో ఏటే అయింది. అయినా మీ ఇద్దరి లెక్కలోనూ వాడు లేడు, ఎందుకంటే ఫారం నింపలేడు. ఆటిజం పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 94 శాతానికి మేధో వైకల్యం లేదని 2019లో ఒక సమీక్ష తేల్చింది. వాడు తల బాదుకుంటే "ఆటిజం కదమ్మా" అని పంపేస్తారు. పన్నునొప్పా, దిగులా అని చూడరు.

ప్రశ్నార్థకం:
అక్కా, ఫారం లేకుండా అయితే మీరు ఏం చూస్తారు?

తమ్ముడికి అక్క:
నిద్ర. తర్వాత, రోజూ తిప్పే బొమ్మచక్రం ముట్టుకున్నాడా లేదా అని. ఇంట్లోవాళ్లతో ఇవే రాయించుకోవచ్చు. ముందు పాల్గొనేవాళ్ల అర్హతల్లో "సొంతంగా ఫారం నింపగలగాలి" అన్న లైను తీసేయమనండి.